హస్కీని తెచ్చుకోండి, అప్పు చేసి మాత్రం వద్దు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. చేతికి రూ.64,000 వస్తుంది. అద్దె, ఇంటి ఖర్చులు, అమ్మానాన్నలకు పంపేది, బైక్ ఈఎంఐ కలిపి రూ.48,500 అవుతుంది. మ్యూచువల్ ఫండ్ సిప్ రూ.5,000. బ్యాంకులో రూ.40,000 ఉంది. ఎవరో వదిలేసిన నాలుగేళ్ల హస్కీని (చలి ప్రాంతాల జాతి కుక్క) రెస్క్యూ సంస్థ నుంచి దత్తత తీసుకోవాలని ఉంది. ఏసీ, బాల్కనీ గ్రిల్, వైద్యం కోసం లక్షన్నర పర్సనల్ లోన్ తీసుకోనా, క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టుకోనా?

జవాబు: రెండూ వద్దండీ. ఎదిగిన కుక్కకు ఇల్లు ఇవ్వాలనుకోవడం నిజంగా మంచి ఆలోచన. కానీ కుక్క ఉచితంగా వస్తోందని చాలామంది మొదటి నెల ఖర్చే లెక్కేస్తారు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు. హస్కీలు 12 నుంచి 14 ఏళ్లు బతుకుతాయి. మీరు ఒప్పుకుంటున్నది ఇంకో ఎనిమిది, పదేళ్ల ఖర్చు.

తిండి, పిడుదుల మందు, ఏటా టీకాలు, ఎండాకాలం ఏసీ కరెంటు అన్నీ నెలలకు పంచితే రూ.8,500 అవుతుందని నా అంచనా. మీకు మిగిలే రూ.10,500లో అది పోతే చేతిలో ఉండేది రూ.2,000. లక్షన్నరకు 16 శాతం వడ్డీతో రెండేళ్ల లోన్ అంటే ఈఎంఐ దాదాపు రూ.7,345. నెలనెలా రూ.5,300 పైగా లోటు. అది కార్డు మీదకే వెళ్తుంది. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టుకుంటూ పోతే కార్డు వడ్డీ చాలావాటిలో నెలకు 3 శాతం పైనే. జీతం మొత్తం లెక్క తెలిసినవాళ్లు కూడా ఇందులో పడటం చూస్తే నాకు కోపం వస్తుంది.

నా దగ్గర సలహా తీసుకునే ఒకాయన ఇలాగే చేశారు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి వాళ్లింటికి వెళ్తే, కుక్క బాత్రూమ్ టైల్స్ మీద కాళ్లు చాపి, పొట్ట నేలకు ఆనించి రొప్పుతోంది. బిల్లు భయంతో ఏసీ రాత్రి మాత్రమే వేస్తున్నారు. వానాకాలంలో పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. వారం రోజులు సెలైన్లు, రక్త పరీక్షలు. రూ.38,000 కార్డు మీద గీశారు. దసరాకల్లా కుక్కను తిరిగి ఇచ్చేశారు. అది రెండోసారి ఇల్లు పోగొట్టుకుంది.

అందుకే ముందు అత్యవసర నిధి. కుక్కతో కలిపి మీ నెల ఖర్చు రూ.57,000, ఆరు నెలలకు రూ.3,42,000. ఐటీలో ఉద్యోగం పోయినా కుక్కకు రోజూ తిండి పెట్టాలి కదా. సిప్ తాత్కాలికంగా ఆపి నెలకు రూ.15,500 పక్కన పెడితే, ఉన్న రూ.40,000తో కలిపి తొమ్మిది నెలల్లో రూ.1,79,500 అవుతుంది. మూడు నెలల ఖర్చు వచ్చేసినట్టే. అప్పుడు దత్తత తీసుకోండి. ఆ తర్వాత కూడా మిగిలే రూ.7,000 ఆరు నెలల లెక్క పూర్తయ్యేదాకా ఆ నిధిలోకే వెళ్లాలి. ఏసీ బోనస్‌తో కొనండి.

గోల్డ్ లోన్ వడ్డీ తక్కువే కానీ అదీ అప్పే. పెట్ ఇన్సూరెన్స్ తీసుకోవచ్చు, ముందే ఉన్న జబ్బులకు సాధారణంగా వర్తించదు.

ఈలోగా కుక్కకు దూరంగా ఉండక్కర్లేదు. చలికాలం నాలుగు నెలలు ఫోస్టరింగ్‌కు, అంటే తాత్కాలికంగా మీ ఇంట్లో ఉంచుకోవడానికి ఇస్తారేమో అడగండి. వైద్యం ఖర్చు తామే పెట్టుకునే సంస్థలున్నాయి. హస్కీలకు శుక్లాల సమస్య ఎక్కువ కాబట్టి రక్త పరీక్షతో పాటు కంటి పరీక్ష రిపోర్టు కూడా ఇప్పుడే తీసుకుని, తర్వాతి ఖర్చులు ఎంతవుతాయో వెటర్నరీ డాక్టర్‌తో రాయించుకోండి.