ఎకో నార్మల్ అని వస్తే బ్లాకులు లేనట్టేనా?

మీ నాన్నగారికి నడిస్తే ఛాతీ పట్టేస్తోందని, ఎకో (గుండెకు తీసే అల్ట్రాసౌండ్) మాత్రం నార్మల్ వచ్చిందని రాశారు. ఇంకా స్ట్రెస్ ఎకో (గుండెకు శ్రమ కల్పించి తీసే ఎకో) ఎందుకు, మెడ డాప్లర్ (మెడ రక్తనాళాలకు తీసే అల్ట్రాసౌండ్) చాలదా అని అడిగారు. చాలదండి. మా ఇంట్లోనూ ఇదే జరిగింది.

మాది కోనసీమ. అప్పుడు నాన్నగారికి 62 ఏళ్లు. ఏటిగట్టు ఎక్కేసరికి ఛాతీ మీద బరువు పెట్టినట్టుండేది, కాసేపు నిలబడితే పోయేది. దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో ఈసీజీ, టూడీ ఎకో తీసి పంపింగ్ 60 శాతం ఉంది, అది నార్మలే, గ్యాస్ అయ్యుంటుందన్నారు. సంతోషంగా నమ్మేశాం. మూడు నెలలు గ్యాస్ మాత్రలతో గడిచిపోయాయి. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఆ ఎకో తప్పు కాదు. మామూలు ఎకోలో గుండె గోడలు, కవాటాలు, పంపింగ్ కనిపిస్తాయి. రక్తనాళంలో పూడిక కనిపించదు. మన కాలువే చూడండి. పూడిక, గుర్రపుడెక్క సగం కమ్మేసినా నీటి అవసరం తక్కువున్నప్పుడు శివారు దాకా అందుతుంది. దాళ్వాలో అందరికీ ఒకేసారి నీళ్లు కావాల్సొచ్చినప్పుడే శివారు చేను నెర్రెలిస్తుంది. గుండె కూడా అంతే. విశ్రాంతిలో ఉంటే 70 శాతం బ్లాకు ఉన్నా గోడలు చక్కగా కదలొచ్చు. శ్రమ పడితే రక్తం చాలని చోట కదలిక తగ్గుతుంది. స్ట్రెస్ ఎకో పట్టుకునేది దాన్నే.

నడవగలిగితే ట్రెడ్‌మిల్ మీద చేయించడమే మేలు. దిగిన నిమిషం, నిమిషంన్నరలోపే గుండెను చూసేయాలి, అందుకే మంచం పక్కనే ఉంటుంది. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు కాబట్టి కాకినాడలో డోబుటమిన్ ఎకో చేశారు. చేతి నరంలోకి గుండె వేగాన్ని పెంచే ఆ మందు ఎక్కిస్తూ, మూడేసి నిమిషాలకు మోతాదు పెంచుతారు. 220 లోంచి వయసు తీసేసి, అందులో 85 శాతానికి గుండె వేగం చేరాలి. నాన్నగారికి అది 134. అక్కడికి చేరేలోపే "గట్టు ఎక్కినట్టే ఉందిరా" అన్నారు. తెర మీద ముందు గోడ కదలిక తగ్గిపోయింది.

యాంజియోగ్రామ్‌లో ముందువైపు రక్తనాళంలో బ్లాకు కనిపించింది. అప్పుడే ఐవస్ అని, చిన్న అల్ట్రాసౌండ్ పరికరం ఉన్న సన్నటి గొట్టాన్ని రక్తనాళం లోపలికే పంపారు. గోడలో కొవ్వు ఎంత పేరుకుంది, ఏ సైజు స్టెంట్ వేయాలి అన్నది అందులో తెలిసింది. మొదట చేయించుకునే పరీక్ష కాదది.

మెడ డాప్లర్‌లో కొవ్వు కనిపిస్తే గుండె గురించి అనుమానం పెరుగుతుంది, అంతవరకే. మెడ శుభ్రంగా ఉన్నా గుండెలో బ్లాకు ఉండొచ్చు.

స్ట్రెస్ ఎకో కూడా ఒక్కోసారి బ్లాకును పట్టుకోలేదు. చుట్టలు కాల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు బొమ్మ సరిగా రాదు. అలాంటప్పుడు బొమ్మ స్పష్టంగా వచ్చేలా కాంట్రాస్ట్ మందు ఇచ్చి చూస్తారు, లేదా సీటీ స్కాన్‌లో గుండె రక్తనాళాలను చూసే సీటీ యాంజియో రాస్తారు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు ముందు ఆపాలా వద్దా అని డాక్టర్‌గారినే అడగండి, మీ అంతట మీరు ఆపొద్దు. కూర్చుని ఉన్నప్పుడు కూడా నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా ఈ పరీక్షల కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేసి వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

డాక్టర్‌గారితో "గ్యాస్‌లా ఉంది" అని ఊరుకోకుండా, ఎంత దూరం నడిస్తే వస్తోంది, ఆగితే ఎన్ని నిమిషాల్లో పోతోంది అన్నది చెప్పండి. మొదటిసారి మేం చెప్పనిది అదే.