ఐవీలో (నరంలోకి) మందు ఇచ్చారంటే, ఈడీ (ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగం) విజిట్‌కి బిల్లింగ్ కోడ్ వేసేటప్పుడు రిస్క్ హై అని వేసేయొచ్చా?

వేయకూడదు. మందు ఏ దారిలో ఎక్కించారన్న ఒక్కదాన్నిబట్టి రిస్క్ తేలదు. అమెరికా ఆసుపత్రుల చార్టులు చదివి బిల్లింగ్ కోడ్ వేసే మనవాళ్లు చాలామంది తడబడేది ఇక్కడే.

నడుం నొప్పితో వచ్చిన పేషెంట్‌కి టోరడాల్ అనే నొప్పి మందు ఐవీ ఇచ్చారనుకోండి. అది ప్రిస్క్రిప్షన్ మందు, కాబట్టి మోడరేట్. అదే నొప్పికి మార్ఫిన్ ఐవీ ఇస్తే హై, ఎందుకంటే ఇంజెక్షన్‌గా ఇచ్చే కంట్రోల్డ్ సబ్‌స్టెన్స్ (అలవాటుపడే ప్రమాదం వల్ల చట్టం అదుపులో ఉంచిన మందు) గురించిన నిర్ణయాన్ని కోడింగ్ నియమాల 2023 మార్పుల్లో హై రిస్క్ ఉదాహరణగా చేర్చారు. షాపులో నేరుగా దొరికే టైలెనాల్ (పారాసిటమాల్) లాంటిదైతే మామూలుగా లో.

విషప్రభావం కోసం గట్టిగా కనిపెట్టి ఉండాల్సిన మందులూ హై కిందకే వస్తాయి. కానీ ఇన్సులిన్ ఇచ్చి షుగర్ చూడటం మామూలుగా అందులోకి రాదు. అక్కడ చూసేది ముఖ్యంగా మందు పనిచేస్తోందా లేదా అని, విషప్రభావం ఉందా అని కాదు. ఈ తేడా దయచేసి బాగా గుర్తుపెట్టుకోండి, ఆడిట్‌లో దొరికిపోయేది దీని దగ్గరే.

ఇంకొకటి, రిస్క్ హై అయినంత మాత్రాన 99285 (ఈడీ విజిట్ కోడ్‌లలో పై స్థాయిది) రాదు. సమస్య తీవ్రత, డేటా (చూసిన పరీక్షలు, రికార్డులు లాంటివి), రిస్క్ మూడింటిలో కనీసం రెండు ఆ స్థాయికి చేరాలి. మార్ఫిన్ ఇచ్చినా మిగతా రెండూ మోడరేట్ దగ్గరే ఆగితే దాని కింది కోడ్ 99284 వేయాలి.