ఏఐ అందరికీ క్షయ అనుమానమే చూపిస్తుంటే

శిబిరంలో పోర్టబుల్ మిషన్‌తో తీసిన ఛాతీ ఎక్స్‌రేల్లో సగానికి పైగా ఏఐ 'అనుమానం' అంటోందని, కఫం పరీక్ష కార్ట్రిడ్జ్‌లు చాలడం లేదని అడిగారు. సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టే ముందు దానికి ఎలాంటి బొమ్మ వెళ్తోందో చూడండి.

ఫిల్మ్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పంపుతుంటే మానేయండి. డైకామ్ ఫైల్లో (ఎక్స్‌రే మిషన్ నేరుగా ఇచ్చే బొమ్మ ఫైలు) మామూలుగా 12 బిట్లు, అంటే 4096 బూడిద స్థాయిలుంటాయి, ఫోన్ ఫొటో వచ్చే జేపెగ్‌లో 256. పైగా లైట్‌బాక్స్ మెరుపు కూడా మచ్చలా పడుతుంది. డైకామే పంపుతున్నా, నలుపు తెలుపులు తారుమారయ్యాయేమో ఓసారి తెరిచి చూడండి.

ఇక నిలబెట్టే తీరు. ఛాతీ డిటెక్టర్‌కి ఆనాలి, భుజాలు ముందుకు రావాలి, గాలి నిండా పీల్చి ఆపాలి. సగమే పీలిస్తే ఊపిరితిత్తుల అడుగు తెల్లబడి జబ్బులా కనిపిస్తుంది. నా లెక్కన ఎక్కువ పొరపాట్లు ఇక్కడే.

ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు కటాఫ్ సంగతి, అంటే ఏఐ ఇచ్చే స్కోరు ఎంత దాటితే 'అనుమానం' అనాలో చెప్పే అంకె. కంపెనీ పెట్టిన అంకె మీ జనాభాకు సరిపోవాలని లేదు. కొన్నాళ్లు స్కోరుతో పని లేకుండా అందరి కఫమూ పరీక్షించి, ఏ స్కోరు దగ్గర ఎంతమంది అసలు రోగులు జారిపోతున్నారో చూసి అంకె ఎంచుకోండి. వెర్షన్ మారితే మళ్లీ చూడాల్సిందే.

గతంలో క్షయ వచ్చినవారిని విడిగా రాసుకోండి. మానిన మచ్చలకూ స్కోరు పెరుగుతుంది. రెండు వారాలకు మించి దగ్గున్నవారికి స్కోరు తక్కువొచ్చినా కఫం పరీక్ష ఆపొద్దు. 15 ఏళ్లలోపు పిల్లల ఫిల్ములు డాక్టరే చూడాలి. ఏఐతో ఎక్స్‌రే చదివించడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 సిఫార్సు 15 ఏళ్లు, ఆ పైవయసు వారికే.