టైఫాయిడ్ మేరీని దీవిలో బంధించడం సబబేనా?

సబబు కాదు. విశాఖ మద్దిలపాలెంలో చాలాకాలం మెస్ నడిపినవాణ్ణి. వంటమనిషికీ జ్వరానికీ మధ్య నలిగినవాణ్ణి కనుక ఈ విషయంలో డాక్టర్ల కన్నా నాకే ఎక్కువ తెలుసని నా నమ్మకం.

టైఫాయిడ్ మేరీ అంటే మేరీ మాలన్, న్యూయార్కులో వంటమనిషి; తనకు జబ్బు లేకుండానే వంట ద్వారా ఇతరులకు టైఫాయిడ్ అంటించింది. ఆమె మొండిది, అబద్ధాలకోరు అని చాలామంది రాస్తారు. ఆమె వైపు నుంచి చూడండి. ఒంట్లో నలత లేదు, జ్వరం వచ్చిన గుర్తు లేదు. 1907లో సోపర్ అనే శానిటరీ ఇంజినీరు నేరుగా వంటింట్లోకి వచ్చి, నీ వల్లే జనం జబ్బు పడుతున్నారు, రక్తం, మూత్రం, మలం పరీక్షకు ఇమ్మన్నాడు. ఆమె మాంసం కోసే పెద్ద ఫోర్కు తీసుకుని తరిమింది. నేనైతే ఆశ్చర్యపోను, ఎందుకంటే ఆ దృశ్యం మా మెస్‌లో చూశాను.

ఒక వర్షాకాలం మా కుర్రాళ్లు ఒకరి తరువాత ఒకరు మంచం పట్టారు. మన ఊళ్లో ఏ జ్వరం వచ్చినా వైడల్ అనే రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అని రాసేస్తారు. ఆ పరీక్షను నమ్మి ఎంతమంది అనవసరంగా ఇంజెక్షన్లు పొడిపించుకున్నారో! ఈసారి మాత్రం ఓ కుర్రవాడికి బ్లడ్ కల్చర్‌లోనే, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షలోనే, క్రిమి దొరికింది. "వంట ఎవరు చేస్తారు? మలపరీక్ష చేయించండి, ఒకసారి కాదు, మూడుసార్లు" అన్నారు డాక్టరుగారు.

మా వంటామెను అందరం పిన్ని అనేవాళ్లం. నేను వెళ్లేసరికి కత్తిపీట ముందు కూర్చుని బీరకాయలు తరుగుతోంది. డబ్బా చూపించి విషయం చెప్పాను. ఆమె లేవలేదు, అరవలేదు. కత్తిపీటను మాత్రం నా వైపు తిప్పింది.

"నాకు జ్వరం వచ్చిందా బాబూ? ఈ డబ్బా పట్టుకుని ల్యాబుకు వెళితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. రేపు నువ్వు మానిపిస్తే నన్ను ఇంకెవరు వంటకు పిలుస్తారు?"

పరీక్షలో ఏం తేలినా జీతం ఆగదనీ, క్రిమి ఉంటే వంట మాని రైతుబజారుకు వెళ్లి కూరగాయలు కొనే పని, లెక్కలు చూసుకోవచ్చనీ చెప్పాను. నమ్మలేదు. కాగితం మీద రాయమంది. రాసి సంతకం పెట్టబోతే ఆపింది. సంతకాలు మార్చే మనుషులను చూశానని, కుర్రాళ్ల ఎదుట నాచేత వేలిముద్ర వేయించుకుంది! ఆ తరువాతే డబ్బా తీసుకుంది. మూడుసార్లూ క్రిమి కనబడలేదు. మురుగుకాలువ పక్కన పగిలిన మా నీళ్ల పైపే కారణమని నా గట్టి అభిప్రాయం. దాన్ని బాగు చేయించడానికి పడిన పాట్లు వేరే ప్రశ్నకు జవాబు అవుతాయి.

నిజానికి అలా క్రిమి కనబడనంత మాత్రాన లేనట్టు కాదు. పిత్తాశయంలో దాక్కున్న క్రిమి రోజూ బయటికి రాదు. మేరీని 1907లోనే పట్టుకెళ్లి న్యూయార్కు దగ్గరి నార్త్ బ్రదర్ దీవిలో ఉంచారు. అక్కడి నుంచి ఆమె సొంతంగా పంపిన నమూనాల్లో ఏమీ లేదని రావడంతో, అధికారులు తన మీద పగబట్టారని ఆమె నమ్మకం మరింత బలపడింది.

1910లో, ఇక వంట చేయనని మాట తీసుకుని వదిలారు. బట్టలు ఉతికే పనిలో వచ్చేది వంటపని జీతం కన్నా తక్కువ. కొన్నాళ్లకు మేరీ బ్రౌన్ అని పేరు మార్చుకుని మళ్లీ వంటగదిలోకి వెళ్లింది. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి జబ్బు సోకింది, ఇద్దరు చనిపోయారు. ఆ తప్పు ఆమెదే, కాదనను. కానీ అప్పటి నుంచి 1938లో చనిపోయే దాకా నార్త్ బ్రదర్ దీవిలోనే ఉంచారు. న్యూయార్కులో అలాంటి వాహకులు, అంటే జబ్బు లేకుండానే క్రిమిని మోసేవాళ్లు, వందల్లో బయటపడ్డారు, వాళ్లనెవరినీ అలా జీవితాంతం బంధించలేదు. ఆమె ఐర్లాండ్ నుంచి వచ్చిన ఒంటరి పనిమనిషి కావడమే అందుకు కారణమని నేను అంటాను.

వేరుగా ఉంచడం మనకు కొత్తేమీ కాదు. నా చిన్నతనంలో ఆటలమ్మ పోసిన ఇంటి గుమ్మానికి వేపకొమ్మ కట్టేవారు. ఎవరూ లోపలికి వెళ్లేవారు కాదు, అయితే చలవ చేసే మజ్జిగ, కొబ్బరిబోండాలు గుమ్మం దాకా చేరేవి. పోలీసు అవసరం రాలేదు.

బొంబాయిలో ప్లేగు వచ్చాక తెచ్చిన 1897 అంటువ్యాధుల చట్టం తీయండి. తెచ్చినప్పుడు నాలుగే సెక్షన్లు. శిక్ష ఉంది, అధికారులకు రక్షణ ఉంది. పరిహారం ప్రస్తావన "ఏదైనా ఉంటే" అన్నట్టుగా కుండలీకరణాల్లో ఇరుక్కుంది. 2020లో కరోనాకు అల్లిపురం వైపు బారికేడ్లు కట్టినప్పుడూ అదే చట్టం. ఆ కర్రల వెనక ఇడ్లీబండి పెట్టుకునే ఆమె చాటుగా గోడ మీదుగా పొట్లాలు అందించిందని విన్నాను. రోజు గడవాలి కదా. ఆమెను తిట్టినవారెవరూ ఆ నెల అద్దె కట్టలేదు.

ఇప్పుడు హోటళ్లలో వంటవాళ్లకు ఏటా వైద్యపరీక్ష, టైఫాయిడ్ టీకా ఉండాలని నియమం. ఊళ్లో మీరు తినే చోట గోడ మీద సర్టిఫికెట్ ఉంటే చూడండి. నేను చూసిన ఒక చోట పన్నెండు మంది సర్టిఫికెట్లూ ఒకే తేదీ, ఒకే సిరా, అందరి బరువూ ఒక్కటే.