పాల కేంద్రం లెక్కలు ఎక్కించబోతున్న కోడలు పిల్లకి

కోడలు పిల్లా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఊళ్లో పాల కేంద్రం లెక్కలన్నీ పుస్తకాల్లోంచి తీసి కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే లెక్కల ప్రోగ్రాంలో పెడతానని ఒప్పుకున్నావట. "అంతా మా తమ్ముడి పోలికే" అని మురిసిపోయింది. నాకూ గర్వంగానే అనిపించింది గానీ, పడుకుంటే నిద్ర పట్టలేదు.

టేబుల్ ముందు, ఫారం తర్వాత. లెక్కలు దాగేది టేబుల్లో, ఫారం వాటిని చూసే, ఎక్కించే కిటికీ మాత్రమే. అది నీకు నేను చెప్పాలా! పాలలో వెన్న శాతం, అదే ఫ్యాట్, రాసే గడికి ఫీల్డ్ సైజు మాత్రం పూర్ణాంకాలే పట్టే లాంగ్ ఇంటీజర్‌లో వదిలేయకు, చుక్క అంకెలు కూడా పట్టే డబుల్ పెట్టు. లేకపోతే 6.4 కొట్టినా 6 అనే దాచుకుంటుంది, నోరెత్తదు. గేదె పాలకు డబ్బు వచ్చేది ఆ చుక్క తర్వాతి అంకె మీదే. ఇంకొకటి, చివరి గడిలో ట్యాబ్ నొక్కితే తర్వాతి రికార్డులోకి, అంటే తర్వాతి ఎంట్రీలోకి, జారిపోతుంది. ఫారంకి ఉండే సైకిల్ అనే ప్రాపర్టీని కరెంట్ రికార్డ్‌కి మార్చుకో.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతి. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో నేను కాంటా చీట్లు యాక్సెస్‌లోనే ఎక్కించేవాణ్ణి, 2009 వానాకాలం పంట రోజులు. పాత ఎంట్రీల మీద ఎవరో చెయ్యి పెడుతున్నారని షావుకారు గొడవ. సరే, పాతవి కనపడకుండా చేస్తే పోలా అని ఆ రాత్రి ఫారం డిజైన్‌లోకి వెళ్లి, ఫారం సెట్టింగులుండే ప్రాపర్టీ షీట్‌లో డేటా ఎంట్రీ అన్నచోట ఎస్ పెట్టి సేవ్ చేశా. నిద్రమత్తులో ఇంటికొచ్చి పడుకున్నా. పొద్దున ఆ మాటే గుర్తులేదు.

ఫారం తెరిస్తే గడులన్నీ ఖాళీ. కింద చూస్తే 1లో 1. బయట లారీలు, వెనక షావుకారు. చేతులు వణికాయి. టేబుల్ తెరిచి చూద్దామన్న బుద్ధి పుట్టలేదు. పెన్‌డ్రైవ్‌లో మూడు రోజుల కిందటి ఫైలు కాపీ ఉంటే తెచ్చి మిల్లు ఫైలు మీద పేస్ట్ చేసి, రీప్లేస్ నొక్కేశా. పాత ఎంట్రీలు కనపడ్డాయి, హమ్మయ్య అనుకున్నా.

మూడు రోజుల చీట్లు వెతికి మళ్లీ కొట్టాను. రెండు దొరకలేదు. ఒక రైతు తన కాపీ తెచ్చాడు. రెండో ఆయన ముసలాయన, చీటీ చొక్కా జేబులోనే ఉండి ఉతుకులో ముద్దయిపోయింది. 62 బస్తాలని ఆయన, 50కి మించవని షావుకారు. చివరికి 55కి తెగ్గొట్టారు. అసలు అంకె నా వేళ్లతో నేను కొట్టిందే, నాకు గుర్తురాలేదు. ఆయన నన్నేమీ అనలేదు, తువ్వాలు దులుపుకొని వెళ్లిపోయాడు.

ఆర్నెల్ల తర్వాత ఇంకో ఫారంలో అదే ఎస్ పెట్టి చూస్తే మళ్లీ ఖాళీ. నో పెడితే అన్నీ వచ్చేశాయి. ఆ సెట్టింగు ఉన్నవాటిని చెరపదు, కొత్త రికార్డు మాత్రమే చూపిస్తుంది, అంతే. ఆ రోజు కూడా ఆయన లెక్క టేబుల్లో చెక్కుచెదరకుండా ఉంది తల్లీ. చెరిపింది నేనే.

అందుకని చెబుతున్నా, విను. ఫారం ఖాళీగా కనిపిస్తే ముందు ఎడమ పక్క జాబితాలో టేబుల్ తెరువు. వరసలు ఉన్నాయా, తప్పు ఫారానిదే. డేటా ఎంట్రీ చూడు. అది నోలోనే ఉంటే, ఫారం తెరిచే బటన్ దాన్ని యాడ్ మోడ్‌లో, అంటే కొత్తవి ఎక్కించడానికి మాత్రమే, తెరుస్తోందేమో చూడు. తర్వాత కొన్నిటినే చూపించే ఫిల్టర్, ఫారం లెక్కలు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటోందో చెప్పే రికార్డ్ సోర్స్ చూడు. పాత రికార్డులు కనపడాలి గానీ ఎవరూ మార్చకూడదు అనుకుంటే అలౌ ఎడిట్స్‌కి నో పెట్టాలి, నాలాగా అడ్డదారి కాదు. గడులు కూడా లేకుండా బోసిగా ఉంటే అలౌ అడిషన్స్ నోలో ఉండి, చూపించడానికి రికార్డు దొరకలేదన్నమాట.

నువ్వు చదువుకున్నదానివి, ఇవన్నీ తెలిసే ఉంటాయి, ముసలోడి చాదస్తం అనుకుంటావు. అనుకో. మీ అమ్మ చేతికి రెండు పెన్‌డ్రైవ్‌లు ఇచ్చి పంపిస్తున్నా. రోజూ ఫైలు మూసేశాక తేదీ పేరుతో కొత్త కాపీ తియ్యి. పాతదాని మీద కొత్తది వెయ్యకు. ఎప్పుడైనా రీప్లేస్ అని అడిగిందంటే చెయ్యి తీసేసి, ముందు నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా ఎత్తుతాను.

నీ మామయ్య