మీ ఊరు – మీ ప్రశ్న: పిల్లల వెంట ఆఫీసుకి వెళ్లండి

(జవాబులు: మున్సిపల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మా కాలమిస్టు)

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో డిగ్రీ రెండో సంవత్సరం. 2023 జులై వానలకు మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. అప్పటి నుంచి తనూ, స్నేహితులూ నాలాల వెంట తిరుగుతున్నారు. చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే భూమిలో, టిప్పర్లతో మట్టి పోస్తుంటే వీడియోలు తీసి పెడుతున్నారు. చదువు పాడవుతుందని మా వాళ్లంతా నన్నే అంటున్నారు. నాకు ఒకటే టెన్షన్. ఆపమంటారా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: ఆపకండి. మీరూ వెంట వెళ్లండి.

రాత్రిపూట మట్టి టిప్పర్ ఎదురుగా ఫోన్ పట్టుకుని నిలబడటం మాత్రం వద్దు. మీ పిల్లకైనా, అరవై దాటిన నాకైనా అది ప్రమాదమే. ఆ ఒక్కటీ మాన్పించండి.

వాళ్లు పట్టుకున్న విషయం సరైనదే. మీ వరంగల్ చుట్టూ ఉన్నవి కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకి చేరాలి. మధ్యలో దారి మూసేస్తే అవి వీధుల్లోకి వస్తాయి. 2020 ఆగస్టులో నయీంనగర్ మునిగింది. 2023 జులైలో పోతననగర్ దగ్గర భద్రకాళి చెరువు కట్ట తెగింది. కొన్ని గంటల్లోనే కుండపోతగా కురిసే వానలు పెరుగుతున్న కాలంలో ఆ దారులు ఖాళీగా ఉంచుకోవడం కంటే ముందు చేయాల్సిన పని మన నగరాలకు లేదు.

ఇక ఆఫీసు సంగతి. నేను సీట్లో ఉన్నన్నాళ్లూ చూసిందేమిటంటే, వాట్సాప్ వీడియోకి జవాబు చెప్పాల్సిన మనిషంటూ ఎవరూ ఉండరు. ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వార్డ్‌లో ముద్ర పడి నంబరొచ్చిన కాగితం మాత్రం ఎవరో ఒకరి టేబుల్ మీద ఉండి తీరాలి. కాబట్టి సర్వే నంబరు, తేదీ, ఫోటో, ‘మాకు కావలసింది ఇది’ అనే ఒక్క వాక్యం, ఇవన్నీ ఒకే పేజీలో రాయమనండి. దానికంటే ముందు ఆ చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే మేర) హద్దుల మ్యాపు సమాచార హక్కు చట్టం కింద అడగాలి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. జవాబు రాకపోతే మొదటి అప్పీలు. 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్ల బఫర్ జోన్, అంటే ఖాళీగా వదలాల్సిన జాగా, ఉండాలి. మ్యాపు చేతిలో ఉంటే మట్టి ఎక్కడ పడిందో ఎవరితోనూ వాదించక్కర్లేదు.

ఇక్కడే మీ అవసరం. ఆ దరఖాస్తు మీ పేరుతో వేయండి. దాని మీద చిరునామా ఉంటుంది. అది మట్టి పోయించే వాళ్ల చెవిన పడదన్న నమ్మకం నాకు లేదు. బెదిరింపు ఫోనంటూ వస్తే ఇంటి పెద్దకే రానివ్వండి, పిల్లకి వద్దు. ఫిర్యాదు లేఖ అయితే కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద, నలుగురి సంతకాలతో వెళ్లడం ఇంకా మేలు. హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టేసిన 400 ఎకరాల విషయం గుర్తుందా? సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు రోడ్డెక్కారు, ఇంకోపక్క కోర్టుల్లో పిటిషన్లు పడ్డాయి. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించింది. గొంతూ కావాలి, కాగితమూ కావాలి.

ఇంకో మాట. తెలంగాణ పురపాలక చట్టం, 2019 ప్రకారం ప్రతి వార్డుకీ నాలుగు కమిటీలుండాలి. అందులో ఒకటి యువతది, 15 మందితో. మున్సిపల్ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలి. మీ వార్డులో ఆ కమిటీ ఉందా, ఎప్పుడు కూర్చుంది, ఆ పది శాతం ఎక్కడ ఖర్చయింది అని మీ అమ్మాయి బృందాన్ని రాతపూర్వకంగా అడగమనండి.

చదువంటారా, నాలాల పూడికతీత వానలకు ముందే అయిపోవాలి కాబట్టి కాగితం ఫిబ్రవరిలోనే పెట్టాలి. జూన్‌లో పెడితే ఎవరూ చదవరు. ఏడాది పొడవునా తిరగాల్సిన పని కాదిది.

ప్రశ్న: మా కాలేజీ ఎకో క్లబ్ తరఫున ఏటా జూన్ 5న, పర్యావరణ దినోత్సవానికి, మొక్కలు నాటి ఫోటోలు దిగుతాం. ఎండల విషయంలో నిజంగా పనికొచ్చేది ఏదైనా చేయాలని ఉంది.
– ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ముందు పోయినేడు మొక్కలు నాటిన చోటికి వెళ్లి ఎన్ని బతికాయో లెక్కపెట్టు బాబూ. ఆ అంకె నోటీసు బోర్డులో పెట్టు. కాలేజీ వాళ్లకు నచ్చకపోవచ్చు, అయినా పెట్టు.

తర్వాత రేకుల ఇళ్ల సంగతి చూడండి. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా పోయారు. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది, అంటే ఎండ వేడిని తిప్పికొట్టే పైకప్పులు. దాన్ని మీ పక్క బస్తీలో ఒక వరుస ఇళ్లకు మీరే చేసి చూపించండి. ఇంటివాళ్లను అడిగి పైకప్పుకి తెల్లటి కూల్ పెయింటు వేయండి. పక్క వరుసకి వచ్చే నెల వేస్తామని చెప్పి, ఈలోగా మధ్యాహ్నం పూట రెండు వరుసల్లోనూ ఇంటి లోపలి వేడి ఎంతుందో రాసుకోండి. ఆ నోట్‌బుక్ పట్టుకుని వెళ్తే కార్పొరేషన్‌లో కుర్చీ వేసి మాట్లాడతారు. దుమ్ము పడితే తెలుపు పనిచేయదు, ఏటా ఎండలకు ముందు కడగాలి. రేకుల మీద మాత్రం ఎక్కొద్దు. పాత సిమెంటు రేకు విరిగి కిందపడ్డవాళ్లను చూశాను. నిచ్చెన మీద నిలబడి, పొడుగు కర్ర కట్టిన రోలరుతో వేయండి.

పెయింటు డబ్బులా? జూన్ 5 ఫ్లెక్సీకీ, ముఖ్య అతిథి శాలువాకీ ఎంతవుతుందో ప్రిన్సిపాల్ గారిని అడుగు.

ప్రశ్న: వరదలు, వాతావరణం పెద్దలు చూసుకోవాల్సిన పనులు. పిల్లల్ని ఎందుకు ముందుకు తోస్తారు?
– రిటైర్డ్ టీచర్, విజయవాడ

జవాబు: మాస్టారూ, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నది పెద్దలు చూసుకుంటున్నప్పుడే కదా. మీ పాత విద్యార్థులు నలుగురిని వెంటబెట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్లండి. అక్కడ పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శి అని ఒక ఉద్యోగం ఉంది, చాలామందికి తెలియదు. మీ పక్క కాలువ సంగతి అక్కడే మొదలుపెట్టొచ్చు. మాట్లాడటం మాత్రం పిల్లలకే వదిలేయండి. టీచర్లకి అది కష్టమేనని నాకూ తెలుసు.