విశాఖ నుంచి సైకిల్ మీద అడవి, చరిత్ర రెండూ చూడాలంటే ఏ దారి?

మీరు అడిగింది ఇదీ: విశాఖలో బయలుదేరి మామూలు గేర్ సైకిల్ మీద మూడు రోజులు తిరిగి రావాలి. దారిలో అడవి ఉండాలి, పాత చరిత్ర ఉన్న చోట్లూ తగలాలి. అరకు వెళ్ళమంటారా, ఇంకేదైనా ఉందా?

అరకు దారి అందమైనదే, కాదనను. కానీ నవంబరు నుంచి జనవరి దాకా శృంగవరపుకోట దాటిన దగ్గర్నుంచి కార్లు, టూరిస్టు బస్సులు ఒకదాని వెనక ఒకటి ఎక్కుతూనే ఉంటాయి. మలుపు మలుపుకీ వెనక హారన్ మోగుతుంటే సైకిల్ తొక్కేవాడికి చెట్టూ కనపడదు, పుట్టా కనపడదు. నేను చెప్పే దారి వేరు. అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా లంబసింగి ఎక్కడం, దిగాక అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట చూసి రావడం. రెండేళ్ళ క్రితం డిసెంబరులో నేనూ మా మేనల్లుడూ ఇలాగే వెళ్ళాం. వాడికి 19 ఏళ్ళు, నాకు 46. మీరు మూడు రోజులన్నారు, మాకు నాలుగు పట్టింది.

తెల్లవారుజామున నాలుగున్నరకే కంచరపాలెంలో బయలుదేరాం. గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం చీకటితోనే దాటేయాలి. పొద్దెక్కితే కంపెనీ బస్సులు, లారీలతో హైవే మీద సైకిల్‌కి చోటుండదు. వెనక ఎర్ర లైటు, ఒంటి మీద మెరిసే జాకెట్ లేకుండా ఈ ముక్క మాత్రం తొక్కకండి. చూడ్డానికి ఏమీ లేదు, దాటేయడమే.

అనకాపల్లి చేరాక తొందరపడొద్దు. చాలామంది ఇక్కడ టిఫిన్ చేసి, బెల్లం కొనుక్కుని వెళ్ళిపోతారు. ఊరికి రెండు మూడు కిలోమీటర్లలో శంకరం అనే పల్లె ఉంది. సంఘారామం (బౌద్ధ భిక్షువులు ఉండే చోటు) అన్న మాటే వాడుకలో శంకరం అయిందని చెబుతారు. అక్కడ పక్కపక్కనే రెండు గుట్టలు: బొజ్జన్నకొండ, లింగాలకొండ. 1907లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపించాక ఇది బౌద్ధ క్షేత్రమని లోకానికి తెలిసింది. సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా ఇక్కడ దొరికింది. సైకిళ్ళు కింద తాళం వేసి మెట్లెక్కితే, గుమ్మానికి రెండు వైపులా ద్వారపాలకులు నిలబడి ఉంటారు. లోపల రాతిలోనే తొలిచిన స్తంభాలు, వాటి నడుమ అదే రాతిలోంచి చెక్కిన స్తూపం. విడిగా తెచ్చి పెట్టింది కాదు. గది తొలుస్తున్నప్పుడే స్తూపానికి కావలసినంత రాయిని ముట్టుకోకుండా వదిలేశారన్నమాట. మా వాడు స్తూపం అడుగున చెయ్యి పెట్టి అతుకు కోసం వెతికాడు. "అతుకే లేదు మామయ్యా" అన్నాడు.

లింగాలకొండ మీద ఇలాంటి చిన్న స్తూపాలే వరసలు వరసలుగా ఉంటాయి. దూరం నుంచి శివలింగాల్లా కనిపిస్తాయి, ఆ పేరు అందుకే. ఒకప్పుడు కనుమనాడు జనం బొజ్జన్నకొండకు వచ్చి రాళ్ళు రువ్వే ఆనవాయితీ ఉండేది. దాన్ని మాన్పించడానికి పెద్ద ప్రయత్నమే జరిగింది. ఎన్నో వందల ఏళ్ళ నాటి బొమ్మల ముక్కులు, చేతులు అరిగిపోయి ఉండటం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. దయచేసి రాళ్ళ మీద ఎక్కి ఫోటోలు దిగకండి.

శంకరం నుంచి వెనక్కి హైవే మీదకొచ్చి, కశింకోట దాటి తాళ్ళపాలెం దగ్గర కుడివైపు తిరిగితే అక్కడి నుంచి రోడ్డు మనది. చెరకు, జీడితోటలు, మామిడి తోటలు, మాకవరపాలెం దాటాక దూరంగా నీలంగా కొండల వరస. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎండ బాగా కాసింది, ఒక చెరువు గట్టు మీద గంట పడుకున్నాం. సాయంత్రానికి నర్సీపట్నం చేరి లాడ్జిలో దిగాం. మొత్తం 90 కిలోమీటర్ల లోపే, కానీ కొత్తవాళ్ళకి ఇది చిన్న దూరం కాదు.

అసలు సంగతి రెండో రోజు. నర్సీపట్నం నుంచి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లు. డౌనూరు దాకా రోడ్డు పెద్దగా ఇబ్బంది పెట్టదు. అక్కడి నుంచి ఘాట్. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంది, ఆ ఎత్తులో ఎక్కువ భాగం ఈ మలుపుల్లోనే ఎక్కాలి. మీ సైకిల్ వెనక ఫ్రీవీల్‌లో (వెనక చక్రానికి ఉండే పళ్ళ చక్రాల గుత్తి) అన్నిటికంటే పెద్ద చక్రం 32 పళ్ళకు తగ్గకుండా చూసుకోండి. మాది 28. మూడో మలుపుకే మా వాడు దిగిపోయాడు, ఇంకాసేపటికి నేనూ దిగాను. నెట్టుకుంటూ నడిచాం. నడవడానికి సిగ్గుపడకండి. ఆ నడకలోనే అడవి వినపడింది నాకు. ఎక్కడో కింద నీటి చప్పుడు, వెదురు కర్రలు ఒకదానికొకటి రాసుకునే కిర్రుమనే శబ్దం, పిట్టల అరుపులు.

ఈ దారి గురించి మీకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. మన్యంలో రోడ్లు ఊరికే రాలేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండవాళ్ళ పోడు వ్యవసాయానికి, అడవిలో తిరగడానికి అడ్డంకులు మొదలయ్యాయి. ఆ మీద గూడెం ప్రాంతంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు ఈ కొండల్లో రోడ్లు వేయించడానికి గిరిజనుల చేత చాకిరీ చేయించాడు. కూలి సరిగ్గా ఇవ్వలేదు, ఎదురు మాట్లాడినవాళ్ళను వేధించాడు. గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు అల్లూరి సీతారామరాజు వెంట నడవడానికి వెనకున్న కోపంలో ఇదీ ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. ఎంత తీసుకున్నారో స్టేషన్ రికార్డులో రాసి మరీ వెళ్ళారు. ఇదంతా స్కూల్లో చదువుకున్నదే. కానీ ఖాళీ సైకిల్ నెట్టడానికే రొప్పుతూ ఆ మలుపుల్లో నిలబడ్డప్పుడు, రాళ్ళ గంపలు నెత్తిన పెట్టుకుని ఇలాంటి కొండలెక్కినవాళ్ళు గుర్తొచ్చి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఘాట్ సగంలో ఒక చిన్న పాకలో అంబలి అమ్మే పెద్దావిడ మమ్మల్ని ఆపింది. "ఏటి బాబూ, దీనికి మోటరు లేదేటి?" అని సైకిల్ చుట్టూ తిరిగి చూసింది. లేదంటే, "అయితే కూకోండి, తాగి ఎల్దురు" అని చోడి (రాగి) అంబలి రెండు గ్లాసుల్లో పోసి, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టింది. ఎనర్జీ డ్రింకులు మోసుకెళ్ళకండి, అంబలిని మించింది లేదు. డబ్బులిస్తే మా వాడి గ్లాసుకు తీసుకోలేదు, "పిల్లోడు కదా" అంది.

లంబసింగిని ఆ ఊళ్ళ వాళ్ళు కొర్రబయలు అని కూడా అంటారు. చలికి ఆరుబయట ఉన్న మనిషి కొర్రులా (కర్రలా) బిగుసుకుపోతాడని ఆ పేరట. డిసెంబరు, జనవరిల్లో శని ఆదివారాలు వద్దు. మబ్బులు చూడ్డానికి చెరువులవేనం వెళ్ళే కార్లు తెల్లవారుజామున మూడింటి నుంచే ఘాట్ ఎక్కుతాయి. మేం మంగళవారం వెళ్ళాం, ప్రశాంతంగా ఉంది. తాజంగి రిజర్వాయరు గట్టు, వలిసె పూల పసుపు, సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు చూసుకుంటూ చింతపల్లి దాకా వెళ్ళి రాత్రికి అక్కడే ఉన్నాం.

మూడో రోజు దిగడం. ఎక్కడం కంటే దిగడమే ప్రమాదం, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. బయలుదేరే ముందు విశాఖలో ఒక షాపులో సర్వీసింగ్ చేయిస్తే, బ్రేక్ షూలు కొత్తవి వేశామన్నారు. నేను విప్పి చూడలేదు. లంబసింగి నుంచి మంచుకు తడిసిన రోడ్డు మీద దిగుతుంటే నాలుగైదు మలుపులకే రబ్బరు కాలిన వాసన. ఆగి రిమ్ మీద వేలు పెడితే చురుక్కుమంది. షూ చూస్తే ఒక పక్క రబ్బరు పూర్తిగా అరిగి లోపలి ఇనుము బయటపడింది, రిమ్ మీద దాని గీత కూడా పడింది. మిగతా ఘాట్ అంతా నడిచే దిగాను. మా వాడూ నాతోనే నడిచాడు, వెళ్ళరా అన్నా వెళ్ళలేదు. కాబట్టి బయలుదేరే ముందు షూలు మీ చేత్తో విప్పి చూడండి, ఒక జత అదనంగా పెట్టుకోండి. బ్రేకు పట్టుకునే ఉండకుండా మలుపుకి ముందు గట్టిగా పట్టి, తర్వాత వదలండి. రెండు మూడు మలుపులకోసారి ఆగి రిమ్ చల్లారనివ్వండి.

ఇంకొన్ని మాటలు. చీకటి పడ్డాక మన్యంలో తొక్కొద్దు, అడవిలో టెంట్ వేయొద్దు. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. గంజాయి రవాణాను ఆపడానికి చెక్‌పోస్టుల్లో సంచులు వెతుకుతారు, ఆధార్ దగ్గర పెట్టుకుని సహకరించండి, టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు. మలేరియా ఉన్న ప్రాంతం, సాయంత్రమైతే ఒళ్ళంతా కప్పే బట్టలు వేసుకోండి. ఇళ్ళను, మనుషులను అడక్కుండా ఫోటో తీయకండి.

నాలుగో రోజు పొద్దున్నే నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట వెళ్ళాం, సుమారు 25 కిలోమీటర్లు. అక్కడే సీతారామరాజు సమాధి. పుట్టింది మన పద్మనాభం మండలం పాండ్రంగిలో. 1924 మే 7న కొయ్యూరు దగ్గర చెట్టుకు కట్టి కాల్చేనాటికి నిండా ముప్పై ఏళ్ళు కూడా లేవు. దారి పొడవునా కబుర్లు చెప్పిన మా వాడు అక్కడ చెప్పులు విప్పి, ఎంతసేపైనా లేవకుండా కూర్చున్నాడు. నేనూ పిలవలేదు. మీకు మూడే రోజులుంటే చింతపల్లి మానేసి లంబసింగి నుంచే దిగండి, కృష్ణదేవిపేట మాత్రం మానకండి.

తిరుగు ప్రయాణం మేం తొక్కలేదు. నర్సీపట్నంలో విశాఖ వచ్చే సరుకుల వ్యాను మాట్లాడుకుని సైకిళ్ళు ఎక్కించేశాం. రైల్లో రావాలనుకుంటే ఒక జాగ్రత్త: నర్సీపట్నం రోడ్ స్టేషన్ పేరు చూసి ఊళ్ళోనే ఉందనుకోకండి, అది ఊరికి పాతిక కిలోమీటర్ల పైనే ఉంటుంది.

మీ సైకిల్ ఏ మోడలో, గేర్లు ఎన్నో రాయండి. ఫ్రీవీల్ మార్చాలో అక్కర్లేదో చూసి చెబుతాను.